సంఘంలో పేరులేని గొంతు

(ఉగాది నాటకానికి పాత్రల ఎంపిక జరగడానికి ముందు ఆదివారం, రైల్వే ఇన్‌స్టిట్యూటులో సమావేశమైన మన సంఘ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పాతిక నిమిషాలు మాట్లాడమన్నారు. వచ్చే ఉగాదికి మనం ప్రదర్శించబోయే పద్యనాటకానికి పాత్రల ఎంపిక ఎట్లా జరగాలి, ఆ ఎంపికకు వచ్చేవారు ఎట్లా సిద్ధపడాలి అన్నది నాకిచ్చిన విషయం. నేను పండితుణ్ణి కాను. మెట్రిక్యులేషను దాకా చదివి, హుబ్బళ్ళి గూడ్సు ఆఫీసులో వే బిల్లులూ రిజిస్టర్లూ చూసుకొనే గుమాస్తాను. కాని ఈ ఒక్క విషయంలో మాత్రం నాకు కొంత అనుభవమున్నది. బదిలీల ధర్మమా అని పన్నెండేళ్ళలో నాలుగు ఊళ్ళు తిరిగినాను. ఒక నాటక సమాజంలో చేరి కుదురుకొనేలోగా ఆర్డరు చేతికి వచ్చేది. అందుచేత ఏ ఊళ్ళోనూ ఏ సమాజానికీ నేను మనిషిని కాలేదు. ప్రతిచోటా కొత్తవాడిగానే హార్మోనియం ముందు నిలబడి, పద్యం చదివి, వేషం అడిగినాను. కొందరు ఇచ్చినారు, కొందరు ఇవ్వలేదు. ఒక ఊళ్ళో సాయంత్రం ఆరింటికి రమ్మని రాత్రి తొమ్మిదిన్నర దాకా బల్లమీద కూర్చోబెట్టి, పద్యంలో రెండు పాదాలు కాగానే చాలు, కబురుచేస్తామన్నారు. ఆ కబురు ఇంకా ప్రయాణంలోనే ఉన్నది. ఏ బండికి వేశారో తెలియదు.

కిందటి సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది. చందా కట్టిన సభ్యులకూ వారి కుటుంబాలవారికీ మాత్రమే వేషాలివ్వాలి, బయటివారిని ఎంపికకే పిలవకూడదు అని. ప్రతిపాదించినవారు నాకు పూజ్యులు. సంఘానికి ఆయన చేసిన సేవ మీ అందరికీ తెలుసు. అయినా ఆ ప్రతిపాదనకు నేను వ్యతిరేకిని. ఆ కారణం చెప్పాలంటే మన నాటకం పూర్వకథ కొంత చెప్పుకోవాలి.

మన తెలుగు నాటకానికీ మనం ఉంటున్న ఈ ప్రాంతానికీ ఉన్న చుట్టరికం చాలామందికి తెలియదు. 1880లో ధారవాడ నాటక సమాజంవారు రాజమహేంద్రవరం వెళ్ళి నాటకాలాడినారు. వాళ్ళు వేసిన పాకలోనే, వాళ్ళు ఊరు విడిచిన తరువాత, కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ విద్యార్థులచేత తెలుగు నాటకం ఆడించినారు. అంటే, మన పొరుగున ఉన్న ధారవాడ పాక మన నాటకానికి మొదటి పందిరి అన్నమాట. ఇక బళ్ళారి సంగతి చెప్పనక్కరలేదు. నాటకంలో పద్యాలతోబాటు పాటలు పెట్టి, ఆంధ్ర నాటక పితామహుడనిపించుకొన్న ధర్మవరం రామకృష్ణమాచార్యులవారిది బళ్ళారి. ఆయన స్థాపించినది సరసవినోదినీ సభ. కోలాచలం శ్రీనివాసరావుగారిది సుమనోరమ సభ, అదీ బళ్ళారే. ఆచార్యులవారి మేనల్లుడే బళ్ళారి రాఘవ. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది గాని, అక్కడి రంగస్థలం మన చరిత్రలోనుంచి ఎటూ పోలేదు.

ఈ సభలూ సమాజాలూ ఊరి పెద్దలు, ప్లీడర్లు, ఉద్యోగస్థులు కలిసి పెట్టుకొన్నవి. సరదాకు పెట్టుకొన్నవే అయినా గొప్ప పని చేసినవి. కాని సమాజం అన్నాక దానికో గుమ్మం ఉంటుంది. లోపలివాడికి వేషం, బయటివాడికి టిక్కెట్టు. సురభివారి సంగతి వేరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడినప్పటినుంచీ వారిది కుటుంబ వృత్తి. తాత తండ్రి కొడుకు మనుమడు, ఆడపిల్లలూ కోడళ్ళూ కూడా వేషాలు వేస్తారు. ఆ ఇంట పుట్టిన బిడ్డకు తెర వెనుకే ఊయెల. వేషం కావాలంటే ఆ ఇంట పుట్టాలి, లేదా ఆ ఇంట మెట్టాలి.

మరి ఇంటిలోనూ పుట్టక, సమాజంలోనూ చేరలేక, గొంతు మాత్రం ఉన్నవాడి గతి ఏమిటి? అటువంటివాడికి దారి చూపించినది కంట్రాక్టు నాటకం. దాన్ని మన విమర్శకులు చాలా తిట్టినారు. తిట్టవలసినంతా ఉన్నది కూడాను. కంట్రాక్టరు ఒక ఊళ్ళో పందిరి వేయించి, కృష్ణుడి పాత్రకు ఒక ఊరివాడికీ, అర్జునుడికి మరో ఊరివాడికీ, దుర్యోధనుడికి ఇంకో ఊరివాడికీ విడివిడిగా కబురంపి, పారితోషికం మాట్లాడుకొని, రైలుఛార్జీ పంపేవాడు. అందరూ ఆ సాయంకాలం బండి దిగి, రంగు పూసుకొంటూ ఒకరికొకరు నమస్కారాలు పెట్టుకొనేవారు. రిహార్సలు మాట లేదు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి హరిశ్చంద్ర అందరికీ కంఠస్థమే గదా! ఒకే నాటకంలో మొదటి కృష్ణుడు, రెండవ కృష్ణుడు అని ఇద్దరేసి నటులుండేవారు. ఒకరు అర్ధరాత్రి దాకా, రెండవవారు తెల్లవారేదాకా. జనం వన్స్‌మోర్ అంటే చదివిన పద్యమే మళ్ళీ చదవడం, రాగం చాలా సేపు సాగదీయడం, కథ అక్కడే నిలబడిపోవడం, ఇవన్నీ ఆ పద్ధతి తెచ్చిన జబ్బులు. రాఘవగారు పద్యాల మోజు నాటకాన్ని మింగుతున్నదని బాధపడింది ఊరికే కాదు.

అయినా ఒక్క సుగుణం మాత్రం ఒప్పుకోవాలి. కంట్రాక్టరు నీవు ఏ సమాజంవాడివని అడగలేదు. పద్యం చదవగలవా, టైముకు దిగుతావా అని అడిగినాడు. (టైముకు దించిన పుణ్యం రైల్వేవారిది. రాత్రి మెయిలు బళ్ళు లేకపోతే కంట్రాక్టు నాటకమే లేదు. మా శాఖ గొప్ప ఎవరూ చెప్పరు గనక నేనే చెప్పుకొంటున్నాను.) మారుమూల పల్లెల్లో పుట్టిన గొంతులు రాష్ట్రమంతా వినబడినాయంటే ఆ పద్ధతి వల్లనే. తరువాత 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది. పోటీలు వచ్చినాయి, ప్రయోగాలు పెరిగినాయి, రిహార్సళ్ళు మళ్ళీ వచ్చినాయి. మంచిదే. కాని పోటీకి దిగేది సమాజం. ఒంటరి నటుడు పోటీకి దిగలేడు. గుమ్మం మళ్ళీ వచ్చింది.

ఇక్కడ ఒక దూరదేశపు సంగతి చెబుతాను. మన సభ్యులలో ఒకరి మేనకోడలు అమెరికాలో ఉన్నది. పాటా ఆటా కలిపిన నాటకాలలో వేషాలకోసం ప్రయత్నిస్తున్నది. కిందటి దసరాకు ఇక్కడికి వచ్చినప్పుడు, మా ఇంట కాఫీ తాగుతూ, న్యూయార్కులో వేషం అడగడం ఎట్లా ఉంటుందో చెప్పింది. ఆమె మాటలు విన్న తరువాతే మన ప్రతిపాదన నాకు సరిగా అర్థమైంది. అందుకని ఆ సంగతి కాస్త వివరంగా చెప్పనివ్వండి.

అక్కడ రంగస్థల నటులకు ఈక్విటీ అని ఒక కార్మిక సంఘమున్నది. 1913లో 112 మంది నటులు కూడి పెట్టుకొన్నారు. దానికి ముందు నటుల స్థితి ఎట్లా ఉండేదంటే, వారాలకొద్దీ రిహార్సళ్ళు చేసినా దమ్మిడీ ఇచ్చేవారు కారు. వేషానికి బట్టలు నటుడే కొనుక్కోవాలి. ఊరూరా తిరిగే నాటకం నడిమధ్య ఆగిపోతే, ఇంటికి రావడానికి బండిఛార్జీ కూడా ఎవరూ ఇచ్చేవారు కారు. 1919 ఆగస్టులో నటులు సమ్మె కట్టినారు. నెలరోజులు నాటకశాలలు మూతపడినాయి. యజమానులు దిగివచ్చి సంఘాన్ని గుర్తించినారు. యూనియను అంటే ఏమిటో రైల్వే కాలనీలో పుట్టి పెరిగినవాళ్ళకు నేను వేరే చెప్పనక్కరలేదు.

ఆ సంఘం కుదుర్చుకొన్న ఒప్పందాలలో ఒకటేమిటంటే, పెద్ద నాటకాలవాళ్ళు పాత్రల ఎంపికను బాహాటంగా జరపాలి, కార్డు ఉన్నవారిని ముందు వినాలి. కార్డు లేనివారిని పొద్దు మిగిలితే వింటారు, మిగలకపోతే లేదు. ఈ పిల్లకు కార్డు లేదు. అందుకని, ఎనిమిదో అవెన్యూలో ఉన్న రిహార్సలు గదుల భవనం ముందు తెల్లవారుజామున, చలికాలమైనా సరే, కాలిబాటమీద నిలబడుతుంది. ముందు వచ్చినవారెవరో ఒక కాగితంమీద వరుసగా పేర్లు రాస్తారు. తరువాత వచ్చినవారు దానికింద రాసుకొంటారు. ఆ కాగితానికి అధికారమేమీ లేదు. లోపలి పర్యవేక్షకుడు గౌరవిస్తే గౌరవించినట్లు, చించివేస్తే చించివేసినట్లు. పన్నెండింటికి అడిగితే ఇంకా చూడాలంటారు. మూడింటికీ అదే మాట. కొన్ని రోజులు సాయంకాలం అయిదింటికి, ఇక కార్డు లేనివారిని వినడం లేదని చెప్పి పంపివేస్తారు. అన్ని గంటలు నిలబడీ నోరు విప్పకుండా ఇంటికి!

పిలిస్తే మాత్రం ఎంతసేపు? పదహారు బార్లు. బారంటే మన తాళంలో ఆవృత్తం వంటిది. అరనిమిషం పాట. పరిచయంలేని పియానో వాద్యకుడి ముందు స్వరాల కాగితం పెట్టి, ఎక్కడ ఎత్తుకోవాలో ఎక్కడ ఆపాలో పెన్సిలుతో గుర్తుపెట్టి, నడక ఎంత వేగమో తాను మెల్లగా గొణిగి చూపించి, గది నడుమకు వెళ్ళి పాడాలి. వాద్యకుడివైపు చిటికెలు వేస్తే మహాపరాధం. పాడినా, పాడలేకపోయినా ఆయనకు కృతజ్ఞత చెప్పి బయటికి రావాలి. ఈ వేషాల అడుగులాటమీదే అక్కడ ఒక నాటకం వచ్చింది. 'ఎ కోరస్ లైన్' అని 1975లో మొదలైంది. పదిహేడు మంది, ఎనిమిది చోట్లు, అంతే కథ. 1990 దాకా 6,137 ప్రదర్శనలు ఆడిందంటే, తలుపు బయట నిలబడిన బాధ ఎంతమందికి తెలిసిన బాధో ఊహించండి.

కార్డు ఎందుకు పుచ్చుకోలేదమ్మా అని నేనడిగినాను. చాలాకాలం అక్కడ పద్ధతి ఏమిటంటే, సంఘం నాటకంలో వేషం దొరికితే కార్డు, లేదా ఆ నాటకశాలల్లో వారాల తరబడి పనిచేసి వంతులు కూడబెట్టుకొంటే కార్డు. వేషం దొరకాలంటే ముందు వినబడాలి, ముందు వినబడాలంటే కార్డుండాలి! ఇది సబబుగా లేదని ఆ సంఘమే ఆలోచించి, రంగస్థలంమీద ఎక్కడైనా కూలి తీసుకొని పనిచేసినట్లు చూపినవారు చేరవచ్చునని 2021 జూలైలో తలుపు తెరిచింది. ఆ పిల్ల అప్పుడు చేరవచ్చు, చేరలేదు. ఎందుకంటే, కార్డు పుచ్చుకొన్నాక కార్డులేని నాటకాలలో వేయకూడదు. ఊరూరా తిరిగే చిన్న కంపెనీలలో జీతం తక్కువే అయినా, ఆమెకిప్పుడు కావలసిన అనుభవం అక్కడే దొరుకుతున్నది. పెద్దచోట వందమందిలో ఒకతె కావడంకంటె, చిన్నచోట రోజూ వేదిక ఎక్కితే గొంతు గట్టిపడుతుందంటుంది. వయసు చూస్తే ఇరవైనాలుగు. నాకు ముచ్చట వేసింది.

ఇప్పుడు మన ప్రతిపాదనకు వస్తాను. ఈక్విటీవారు గుమ్మం పెట్టుకొన్నారు, దాని వెనుక ఒక కారణమున్నది. ఆ గుమ్మం లోపల కూలి ఉన్నది, రిహార్సలు జీతమున్నది, వైద్యమున్నది, ముసలితనానికి పింఛనున్నది. చవుకగా వచ్చేవాణ్ణి పెట్టుకొని సభ్యుడి నోట మట్టి కొట్టకుండా ఆ గుమ్మం కాపాడుతున్నది. మరి మన గుమ్మం ఏమి కాపాడుతుంది? మన నాటకంలో ఎవరికీ జీతం లేదు. సభ్యుడికి పోయే కూడు లేదు. ఏటా చందా 500 రూపాయలు కట్టగలిగినవాడికి ధర్మరాజు కిరీటం, కట్టలేనివాడికి చివర కుర్చీ. ఇది యూనియను అనిపించుకోదు గదా!

నేనెవరిని దృష్టిలో పెట్టుకొని చెబుతున్నానో దాచను. పేరుమాత్రం చెప్పను. మా గూడ్సు షెడ్డులో సిమెంటు బస్తాలు దించే ముఠాలో శ్రీకాకుళం జిల్లా మనిషి ఒకడున్నాడు. వయసు నలభై దాటింది. రేకు ఆలస్యమైన రాత్రులు ప్లాట్‌ఫారం చివర కూర్చొని హరిశ్చంద్ర కాటిసీను పద్యాలు ఎత్తుకొంటాడు. ఉత్తరాంధ్రలో పద్యనాటకమంటే జనానికి ఎంత ప్రాణమో తెలుసు గదా. పీసపాటి నరసింహమూర్తిగారి కృష్ణుణ్ణి కన్నవాళ్ళూ, కన్నవాళ్ళనోట విన్నవాళ్ళూ ఉన్న నేల అది. ఈ మనిషికి చదువు రాదు. మాటలో వేషాన్ని ఏసం అంటాడు. పద్యంలో మాత్రం ఒక్క ఒత్తు జారనివ్వడు. మహాప్రాణాలు మహాప్రాణాలుగానే పలుకుతాయి. శ్రుతిపెట్టె ఏమీ లేకుండా ఎత్తుకొన్న శ్రుతిలోనే ముగిస్తాడు. ఒకసారి నేను ఫోనులో తంబురా శ్రుతి పెట్టి పరీక్షించి చూసినాను. పద్యం ముగిసేసరికి వెంట్రుకవాసి కూడా కదలలేదు. మన నాటకానికి వస్తావా అని అడిగితే, "నాకేటి బాబూ, ఏసం ఎవులిత్తారు? నాను మెంబర్ని కాను గదా" అన్నాడు. మెంబరు అన్న మాట అతనికెవరు చెప్పినారో నాకు తెలియదు. మనమాట గూడ్సు షెడ్డుదాకా వెళ్ళిందన్నమాట.

సరే, ఎంపికకు రాదలచినవారికి నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను.

మొదట శ్రుతి. హార్మోనియంమీద తెల్లమెట్లను ఒకటి, రెండు, మూడు అనీ, నల్లమెట్లను ఒకటిన్నర, రెండున్నర అనీ లెక్కిస్తారని మీకు తెలుసు. తమ శ్రుతి ఎంతో తెలియకుండా వచ్చేవారు పదిమందిలో ఆరుగురుంటారు. హార్మోనిస్టు ఎంత అని అడిగితే, మీ ఇష్టమండి అంటారు. ఆయన ఇష్టం ఆయన గొంతుకు సరిపోతుంది గాని మీ గొంతుకు సరిపోదు. మైకులు లేని రోజుల్లో చివరి వరుసకు వినబడాలని నటులు ఎత్తు శ్రుతిలో చదివేవారు. ఆ రికార్డులు విని, అదే శ్రుతి పట్టుకొని, మూడో పాదానికి గొంతు చీలి బాధపడేవారిని చాలామందిని చూసినాను. ఇప్పుడు మైకున్నది. మీకు ఒకటిన్నరే హాయిగా ఉంటే ఒకటిన్నరే చెప్పండి. సిగ్గుపడనక్కరలేదు. పద్యంలో అన్నిటికంటె పై స్వరం ఎక్కడ వస్తుందో చూసుకొని, అది అందే శ్రుతిని ఇంట్లోనే ఖాయం చేసుకొని రండి.

రెండవది పద్యం ఎన్నిక. సీసం తేవద్దు. నాలుగు పెద్ద పాదాలూ, కింద ఒక గీతీ అయ్యేసరికి వినేవారికి విసుగు, మీకు ఆయాసం. ఒక ఉత్పలమాలో, చంపకమాలో, మత్తేభమో చాలు. న్యూయార్కులో పదహారు బార్లలో తేలుస్తున్నారు, మనకు నాలుగు పాదాలు చాలవా? మోహనలో గాని, కల్యాణిలో గాని, మీకు పట్టుబడిన రాగంలో చదవండి. ఆలాపన చివరి పాదం తరువాత, అదీ ఒక్క ఊపిరి. మీ రాగజ్ఞానమంతా ఆ పూటే చూపించనక్కరలేదు.

పద్యానికి తాళం లేదు. మీరు ఆగినచోట హార్మోనిస్టు ఆగుతాడు, మీరు ఎత్తుకొంటే ఎత్తుకొంటాడు. అంటే బండి నడిపేది మీరే. కాబట్టి ఎక్కడ ఆగాలో మీకు తెలిసి ఉండాలి. గణం విరిగినచోట మాటను విరగ్గొడితే వినేవాడికి సగం మాట ఇక్కడ, సగం మాట అక్కడ అందుతుంది. పద్యాన్ని ముందు వచనంగా చెప్పుకోండి. ఎవరు ఎవరితో ఎందుకంటున్నారు, కోపమా, వెటకారమా, బతిమాలడమా, అది తెలిసిన తరువాత రాగం. తెలియని మాట ఒక్కటి కూడా నోట పెట్టుకొని రావద్దు. మన సంఘంలో అర్థం చెప్పగల పెద్దలు ఇద్దరున్నారు. సాయంత్రం వారి వాకిట్లో నిలబడితే కాదనరు.

ఇంకొక సంగతి మన ప్రవాసపు పిల్లలకు ప్రత్యేకంగా చెప్పాలి. తెలుగు చదవడం రాక పద్యాన్ని వేరే లిపిలో రాసుకొంటున్నారు. ఇది తప్పని నేననను. ఇక్కడ కన్నడ లిపిలో రాసుకొంటే నష్టం తక్కువ, రెండు లిపులూ అక్కచెల్లెళ్ళు. కాని నేను తమిళదేశంలో ఉన్నప్పుడు అక్కడి మన పిల్లలు తమిళలిపిలో రాసుకొని చదివేవారు. అందులో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. కాగితంమీద పోయిన ఒత్తు నోట్లోకి ఎట్లా వస్తుంది? మరాఠీ అలవాటున్న పిల్లలు మాట చివరి అచ్చును మింగుతారు. ఒరియా బళ్ళో చదివినవాళ్ళకు అకారం కొంచెం గుండ్రబడుతుంది. వీటిని చూసి నవ్వేవాళ్ళను నేను క్షమించను. పదిరోజులు వినిపించి దిద్దితే పోయేవి ఇవి. ఎవరైనా గొంతున్నవారిచేత పద్యం ఫోనులో చదివించుకొని, రోజూ ఉదయం వింటూ అనండి. చదువురాని మా గూడ్సు షెడ్డు మనిషికి అన్ని ఒత్తులూ వచ్చింది చెవిలోనుంచే గదా.

వచనాన్ని తక్కువగా చూడకండి. పద్యం దివ్యంగా చదివి, మాట దగ్గర వార్తలు చదివినట్లు చదివేవారున్నారు. ఎంపికచేసేవారు ఒకే మాటను రెండు విధాలుగా చెప్పమంటారు. అడిగినది అడిగినట్లు మార్చి చెప్పగలవాడు రిహార్సలులో దిద్దుబాటుకు లొంగుతాడని వారికి ధైర్యం. ద్వారపాలకుడి వేషమిచ్చినా పుచ్చుకోండి. నాకు మొదట దొరికినది అదే. రెండు మాటలు, ఒక బల్లెం. ఆ బల్లెం పట్టుకొని ఇరవై రిహార్సళ్ళు నిలబడి, పెద్ద నటుడు పద్యం ముందు ఊపిరి ఎక్కడ పీలుస్తాడో కళ్ళారా చూసినాను. ఏ పుస్తకమూ అది నేర్పదు.

ఇక కార్యవర్గంవారికి నా మనవి. ఎంపికకు ఎవరు వచ్చినా వినండి, సభ్యుడు గానివ్వండి, కాకపోనివ్వండి. పేర్లు వచ్చిన వరుసలో రాయండి. ప్రతి మనిషికీ ఒక పద్యం, ఒక వచనం పూర్తిగా చెప్పనివ్వండి. రెండు పాదాలకే చాలు అనవద్దు. వేషం లేదంటే లేదని ఆ పూటే చెప్పండి. కబురుచేస్తాం అనవద్దు. ముగ్గురు వినేవారిలో ఒకరు మన సంఘానికి సంబంధంలేనివారుంటే మంచిది. ఈ ఊళ్ళో హిందుస్తానీ సంగీతం తెలిసినవారికి కరువా? వారికి తెలుగు రాకపోయినా శ్రుతి తెలుస్తుంది. తెలుగు సంగతి మిగతా ఇద్దరూ చూసుకొంటారు.

సభ్యుడు కానివాడు దొరికినాడు గదా అని అతనిచేత ఊరకే చేయించుకోవడం కూడా న్యాయం కాదు. మనకు నెలజీతాలున్నాయి, సాయంత్రం ఏడింటికి రిహార్సలుకు వస్తే పోయేదేమీ లేదు. ముఠాలో పనిచేసేవాడు ఒకపూట మానితే ఆ పూట కూలి పోతుంది. నూరేళ్ళకింద అమెరికా నటులు సమ్మె కట్టినది ఈ మాటమీదే. కనుక రిహార్సలు రోజులకు రానూపోనూ ఛార్జీ, రాత్రి భోజనం, ప్రదర్శన రోజుకు పూర్తికూలి ఇవ్వాలని నేను కోరుతున్నాను. లెక్క వేసినాను. ఇద్దరు మనుషులకు ఇచ్చినా, తెర వెనుక రంగుదీపాల అద్దెకంటె తక్కువే అవుతుంది. స్త్రీ పాత్రలకు మనం ప్రతిసారీ బయటినుంచి నటీమణులను పిలిపిస్తున్నాము. వారికి ఇచ్చేది ఎంతో, ఎప్పుడో, ముందే కాగితంమీద రాసి ఇవ్వాలి. ఆడవారు స్టేజీ ఎక్కాలని రాఘవగారు పట్టుబట్టిన నాడు ఎక్కేవారు అరుదు. ఇప్పుడు ఎక్కుతున్నవారిని నాటకమయ్యాక తెల్లవారుజామున డబ్బుకోసం గుమ్మంలో నిలబెడుతున్నాము. ఇది మన సంఘంలోనే జరిగిందని నేననడం లేదు, చాలాచోట్ల జరుగుతున్నది.

మన ఆడపిల్లల్లో కూడా పాడగలవారున్నారు. మూడేళ్ళుగా మన సరస్వతీ ప్రార్థన పాడుతున్న అమ్మాయిని చంద్రమతికి ఎందుకు అడగలేదో నాకు అర్థం కాదు. తల్లిదండ్రులు ఒప్పుకోరని మనమే అనుకొంటున్నాము. నిన్న వాళ్ళ నాన్నగారినే అడిగినాను. "మమ్మల్ని ఎవరూ అడగలేదండీ" అన్నారు.

ప్రతిపాదన ఈవేళ ఓటుకు వస్తుంది. నా ఓటు ఎటో చెప్పినాను. మీ ఓటు మీ ఇష్టం. ఓటు ఎటు తేలినా, ఎంపిక వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు ఈ హాలులోనే. రాత్రి డ్యూటీ దిగి వచ్చేవారిని పదకొండు తరువాత వింటామని ఒక కాగితంమీద రాసి, గూడ్సు షెడ్డు గోడమీదా, వర్క్‌షాపు గేటు దగ్గరా అంటించడానికి అనుమతి ఇప్పించండి. అంటించే పని నాది. ఒక్క సంగతి మరిచిపోతున్నాను. మన హార్మోనియంలో రెండున్నర మెట్టు పలకడం లేదు. శుక్రవారంలోగా ఎవరైనా దాన్ని బజారుకు తీసుకువెళ్ళి బాగుచేయించాలి.